ప్రియమైన ‘ఫస్ట్ నేమ్’ గారికి

వరంగల్‌లో దుకాణం పెట్టాలంటే ఇదివరకు ఒక మడిగె, ఒక గల్లాపెట్టె, ఉద్దెర అడిగినవాళ్లకు నవ్వుతూనే లేదని చెప్పగల గుండె ఉంటే సరిపోయేది. ఇప్పుడవి చాలవు. చౌరస్తా దగ్గర చాయ్ తాగుతుంటే ఎవరో ఒకరు ‘అన్నా, నీ లిస్టెంత?’ అని అడుగుతారు. అడిగేది పండుగ సామాన్ల లిస్టు గురించి కాదు, ఈమెయిల్ అడ్రసుల లిస్టు గురించి. లక్షకు తక్కువ చెబితే చాయ్ డబ్బులు కూడా మనల్నే ఇమ్మంటారు. పరిస్థితి ఇంతదాకా వచ్చింది కాబట్టి, మెయిళ్లు పంపి అమ్ముకునే ఈ విద్యలోకి కొత్తగా దిగుతున్న చిన్న వ్యాపారుల సౌకర్యార్థం నాలుగు ముక్కలు రాయడం నా బాధ్యతగా భావిస్తున్నాను.

అన్నిటికన్నా ముఖ్యమైనది, కొనేవాళ్లను ఎప్పుడూ అడగొద్దు. ‘మా దుకాణం కబుర్లు మీకు మెయిల్ చేయమంటారా’ అని అడిగామనుకోండి, వద్దనే ప్రమాదం ఉంది. వద్దన్నాక పంపితే మర్యాద కాదు. అసలు అడగకపోతే మర్యాద ప్రసక్తే రాదు. ఈ పద్ధతికి ఘనమైన చరిత్ర ఉంది. 1978 మే నెలలో అమెరికాలోని డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అనే కంప్యూటర్ల కంపెనీలో పనిచేసే గ్యారీ త్యూర్క్ అనే ఆయన, ఇంటర్నెట్‌కు ముందటి నెట్‌వర్క్ అయిన ఆర్పానెట్‌లో ఉన్న సుమారు 400 మందికి ఒకేసారి ప్రకటన పంపాడు. పంపమని వాళ్లెవరూ అడగలేదు. తిట్లు బాగా పడ్డాయి. అయినా యంత్రాలు మాత్రం కోటి డాలర్లకు పైనే అమ్ముడుపోయాయని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. మనవాళ్లు ఈ కథ మొత్తంలో ఆ చివరి ముక్కనే బట్టీ పట్టారు. బొట్టు పెట్టి పిలవకపోతే సొంత మేనమామ పెండ్లికి కూడా పోని జనం మనం. అమ్మకాలకు వచ్చేసరికి ఆ పట్టింపులన్నీ ఎక్కడికి పోతాయో.

కొత్తవాడలో మా సడ్డకునికి జంపఖానాల దుకాణం ఉంది. వరంగల్ దరీలకు, అంటే ఈ జంపఖానాలకే, 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది కదా, ఆ సంగతి పెద్దక్షరాలతో బోర్డు మీద రాయించుకుని సంతోషంగా ఉన్నాడు. బీటెక్ పూర్తి చేసి, కొన్నాళ్లు హైదరాబాద్‌లో ఉండి వచ్చిన కొడుకు ఆ సంతోషం మీద నీళ్లు చల్లాడు. ‘బాపూ, బోర్డు జూసేటోళ్లు ఎందరుంటరే? మెయిల్ కొడితే దునియా మొత్తం జూస్తది’ అన్నాడు. అన్నదే తడవుగా లక్ష అడ్రసులు కొన్నారు. అడ్రసులు కిలోల లెక్కన అమ్మేవాళ్లు అన్ని ఊళ్లలోనూ ఉన్నారు, వాళ్ల దగ్గర తూకంలో మోసం ఉండదు. లక్షంటే లక్షే ఇస్తారు.

ఆ లక్షలో ఏముంటాయి? ఎప్పుడో మూతపడిన కాలేజీల ప్రిన్సిపాళ్లుంటారు. కంపెనీలు మారిపోయిన మేనేజర్లుంటారు. ఎవరూ తెరవని ఆఫీసు పెట్టెలుంటాయి. వాటితోపాటు స్పామ్ ట్రాప్‌లనేవి కూడా ఉంటాయి. ఇవి మనుషులు వాడే అడ్రసులు కావు. ఇలా లిస్టులు కొనుక్కుని పంపేవాళ్లను పట్టుకోవడానికే ఉంచినవి. వాటికి మెయిల్ పోయిందంటే పంపినవాడి పేరు నల్లజాబితాకు ఎక్కినా ఎక్కవచ్చు. మా సడ్డకుని సొంత అడ్రసు కూడా అందులో ఉంది. అంటే తన అడ్రసును తనే పైసలిచ్చి కొనుక్కున్నాడు. ఇంత నిస్వార్థమైన పెట్టుబడి నేనింకెక్కడా చూడలేదు.

పంపడం మామూలు జీమెయిల్‌తోనే మొదలైంది. ఉచిత జీమెయిల్ నుంచి రోజుకు 500 మందికి మించి పంపనివ్వరు. ఆ లెక్కన లక్ష మందికి 200 రోజులు పడుతుంది, సంక్రాంతి ఆఫర్ ఆఖరివాడికి బోనాల నాటికి అందుతుంది. అదొక్కటే కాదు. ఒకరి అడ్రసు ఒకరికి కనిపించకుండా బీసీసీలో పెట్టాలన్న సంగతి పిల్లవాడు మరిచాడు. 500 మంది అడ్రసులూ 500 మందికీ కనిపించాయి.

మొదట కాజీపేట నుంచి ఒకాయన ‘నా పేరు తీసెయ్యండి’ అని రాశాడు, అందరికీ. ‘నాది కూడా’ అని ఇంకొందరు, అందరికీ. ‘అందరికీ ఎందుకు పంపుతున్నరయ్యా’ అని ఒక పెద్దమనిషి, అందరికీ. రిటైరైన టీచరెవరో మా సడ్డకుని ప్రకటనలో అక్షరదోషాలు దిద్ది, కింద మార్కులు కూడా వేసి పంపారు. ఎనుమాముల మార్కెట్‌లో చపాటా మిర్చి ధర ఎట్లుందని ఒకరు అడిగితే, ఇద్దరు జవాబిచ్చారు, రెండు వేర్వేరు ధరలు. సాయంత్రానికల్లా హన్మకొండ నుంచి ఒక తల్లి తన కొడుకు పెండ్లి బయోడేటా జతచేశారు. ఆ కొడుకు బుద్ధిమంతుడిలాగే ఉన్నాడు. జంపఖానాల గురించి ఒక్కరూ అడగలేదు గానీ, ‘కమ్యూనిటీ బిల్డింగ్’ అని నిపుణులు పలవరించేది దీన్నే అయి ఉండాలి.

దాంతో నెలవారీ రుసుము కట్టి ఒక మెయిల్ సర్వీసులో చేరారు. ఇలాంటి పేరున్న సర్వీసులన్నీ కొన్న లిస్టులను ఒప్పుకోవు. ‘వీళ్లంతా తమ ఇష్టపూర్వకంగా ఇచ్చిన అడ్రసులే’ అన్నచోట టిక్కు పెట్టమంటాయి. లక్ష మంది తరఫున పిల్లవాడు ఒక్కడే ఒక్క టిక్కు పెట్టాడు. ఎన్నికల్లో కూడా ఇంత ఏకగ్రీవం చూడం. ఆ సర్వీసులో ఒక్కొక్కరినీ పేరుతో పలకరించే ఏర్పాటుంది. కొన్న లిస్టులో పేర్లు లేవు. పేరు రావాల్సిన చోట ‘ఫస్ట్ నేమ్’ అన్న గుర్తే మిగిలిపోయింది. కనుక దేశవ్యాప్తంగా వేలాదిమంది పొద్దున్నే లేచి ‘ప్రియమైన ఫస్ట్ నేమ్ గారికి’ అని చదువుకున్నారు. పైన సబ్జెక్టు: ‘అర్జెంట్! ఆఖరి అవకాశం!!’ జంపఖానాకు అర్జెంటేమిటని అడిగేవాళ్లకు వ్యాపార స్పృహ లేనట్టు.

ఇక్కడ కొంచెం చాదస్తపు సమాచారం చెప్పాలి, ఇష్టం లేనివాళ్లు దాటేయవచ్చు. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ కట్టుదిట్టం చేశాయి. సొంత డొమైన్‌కు, అంటే మెయిల్ అడ్రసులో @ తర్వాత వచ్చే పేరుకు, ఎస్‌పీఎఫ్ అని ఒక రికార్డు ఉండాలి, ఈ డొమైన్ పేరు మీద ఏయే సర్వర్లు పంపవచ్చో అది చెబుతుంది. డీకిమ్ అని ఒక డిజిటల్ సంతకం, ఈ రెండు పరీక్షల్లోనూ నెగ్గని మెయిల్‌ను ఏం చేయాలో చెప్పే డీమార్క్ ఉండాలి. తక్కువ మెయిళ్లు పంపేవాళ్లకు మొదటి రెండింటిలో ఒకటైనా తప్పదు. జీమెయిల్ అడ్రసులకు రోజూ 5000 పైన మెయిళ్లు పంపేవాళ్లకైతే మూడూ కావాలి, దానిమీద ఒక్క నొక్కుతో లిస్టులోంచి తప్పుకునే వీలు కూడా ఇవ్వాలి. స్పామ్ అని ఫిర్యాదు చేసేవాళ్లు వెయ్యికి ముగ్గురిదాకా రాకూడదు. వెయ్యికి ముగ్గురు! మా సడ్డకుని చుట్టాలలోనే అంతకన్నా ఎక్కువమంది ఫిర్యాదు చేశారు.

ఆ తప్పుకునే లింకును ఎక్కడ పెట్టాలన్నది ఒక కళ. అన్నిటికన్నా అడుగున, బూడిదరంగు మీద బూడిదరంగులో, చీమ తలకాయంత అక్షరాల్లో పెట్టడం సంప్రదాయం. పోయేవాణ్ణి దర్జాగా పోనిస్తే వాడు స్పామ్ బటన్ నొక్కడని గూగుల్ వాళ్ల ఉద్దేశం. గూగుల్ వాళ్లకు గిరాకీ విలువ ఏం తెలుసు?

ఇక 2023లో మన దేశంలో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఇంకో విడ్డూరం. మనిషి అడ్రసు వాడుకోవాలంటే వాడి సమ్మతి స్వేచ్ఛగా, స్పష్టంగా ఉండాలట. దేనికి వాడుకుంటామో ముందుగా చెప్పాలి, ఆ నోటీసును ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోనైనా చదువుకునే వీలివ్వాలి. అంటే తెలుగులో అడిగి, తెలుగులో ‘వద్దు’ అనిపించుకునే సదుపాయం!

ఇంత జరిగినా పిల్లవాడు ధైర్యంగానే ఉన్నాడు. ‘సగం మంది తెరిచిండ్రు బాపూ’ అని సర్వీసువాళ్ల లెక్కల పేజీ, అదే డ్యాష్‌బోర్డు, చూపించాడు. మెయిల్‌లో దాచిపెట్టిన చుక్కంత బొమ్మ లోడైతే, తెరిచినట్టు లెక్క. 2021 నుంచి యాపిల్ ఫోన్ల మెయిల్ యాప్‌లో గోప్యత ఆన్ చేసి ఉంటే, మనిషి తెరవకపోయినా ఆ బొమ్మలు ముందే లోడైపోతాయి. కాబట్టి చదివినవాళ్లలో కొందరు మనుషులు కారు. పోనీలెండి, లెక్క లెక్కే.

ఈ ప్రగతికి అడ్డుపడింది దుకాణంలో మూలకు కూర్చునే ముసలాయన, పిల్లవాడి తాత. ‘గా లచ్చమందిల మన తాన కొన్నోళ్లు ఎందరున్నర్రా?’ అన్నాడు. ఎవరూ మాట్లాడలేదు. ఆయన దగ్గర ఒక ఖాతా పుస్తకం ఉంది. ఎవరు ఏ రంగు అడిగారో, ఎవరి హాలు ఎన్ని అడుగులో, ఎవరి బిడ్డ పెండ్లి ఏ నెలలో ఉందో అందులో ఉంది. ఈమధ్య గల్లా దగ్గర బిల్లు కడుతున్నవాళ్లను ‘కొత్త డిజైన్ దిగితే మెయిల్ జెయ్యాల్నా బిడ్డా?’ అని అడిగి, సరేనన్నవాళ్ల అడ్రసులు దాంట్లోనే రాసుకుంటున్నాడు. నలభై మంది దాకా అయ్యారు. లక్షెక్కడ, నలభై ఎక్కడ? ఊరు వెనకబడింది ఇట్లాంటివాళ్ల వల్లనే.

పైగా ఆయన మనవడి చేత ఒక మెయిల్ రాయించాడు. ఆఫర్ లేదు, ఆశ్చర్యార్థకం లేదు, బొమ్మ లేదు. ‘అమ్మా, మీరు పోయినసారి అడిగిన ఎరుపు నలుపు తొమ్మిదడుగులది మగ్గం దిగింది. కావాల్నంటే పక్కకు పెడత.’ నక్కలగుట్ట నుంచి గంటలోపే జవాబు వచ్చింది, ‘పెట్టండి బాబాయ్, ఆదివారం వస్తం’ అని.

పిల్లవాడు దీన్ని డ్యాష్‌బోర్డుకు ఎక్కించాడు. ఒకరికి పంపితే ఒకరు కొన్నారు, అంటే కన్వర్షన్ నూటికి నూరు. ఇంతటి ఫలితం ఇచ్చిన మెయిల్‌ను వృథా చేయకూడదని, అక్షరం మార్చకుండా అదే మెయిల్‌ను లక్ష మందికీ సోమవారం పొద్దున పంపుతున్నారు. జంపఖానా ఒక్కటే కదరా, అది కూడా ఆదివారమే పోతుంది కదా అని మా సడ్డకుడు నసిగితే, అది స్టాకు సమస్య, మార్కెటింగ్ కిందికి రాదన్నాడు.