సూర్యుడి కోసం పోతే స్వామి దొరికాడు

తిరుపతిలో ఉండేవాళ్లకీ కొండకీ ఉన్న సంబంధం బయటివాళ్లకి అంత తొందరగా అర్థం కాదు. రోజూ పళ్లు తోముకుంటూ చూస్తాం, కరెంటు పోతే మిద్దెక్కి ఘాట్ రోడ్డు లైట్లు చూస్తాం, కానీ నడిచి ఎక్కాలంటే మాత్రం చుట్టాలెవరో సంచులతో దిగాలి. దిగగానే వాళ్లు అనే మొదటి మాట "మీకేమప్పా, ఇక్కడే ఉన్నారు, దర్శనం చిటికెలో అయిపోతుంది". మూణ్ణెల్ల ముందు ఆన్‌లైన్‌లో 300 రూపాయల టికెట్ల కోసం వాళ్లలాగే మేమూ వేళ్లు అరగదీసుకుంటామని చెబితే ఒక్కరూ నమ్మరు.

మా బావమరిది సంగతి ఇంకా వేరు. వాడు పుట్టింది, పెరిగింది ఇక్కడే, తిరుపతి కొర్లగుంటలో. ట్రెక్కింగ్ నేర్చుకున్నది మాత్రం హైదరాబాద్‌లో, అదీ ఆఫీసువాళ్లతో. వాడి ఫ్రెండెవరో శ్రీలంకలో శ్రీపాద శిఖరం ఎక్కి వచ్చాడట. 2,243 మీటర్ల కొండ, 5,000 పైచిలుకు మెట్లు. అర్ధరాత్రి మొదలుపెట్టి తెల్లారేలోగా పైకి చేరితే, సూర్యుడు వస్తున్నప్పుడు ఆ కొండ నీడ పడమటి వైపు మంచు మీద త్రికోణంలా పడుతుంది. ఆ ఫొటోలు చూసినప్పటి నుంచి వీడికి నిద్ర లేదు. సెలవు పెట్టుకుని వచ్చి, "బావా, మనకీ కొండుంది, మెట్లున్నాయి, శ్రీవారి పాదాలు కూడా ఉన్నాయి, లంక దాకా ఎందుకు?" అన్నాడు.

మా అత్తమ్మ వంటింట్లోంచే "కొండెక్కేది స్వామిని చూసేదానికి గానీ సూర్యుణ్ణి చూసేదానికేందిరా? ఆయప్ప దినామూ కిందికే వస్తా ఉండాడు గదా!" అంది. మనది ఆ శ్రీపాదలా మొనదేలిన కొండ కాదు, మన శేషాచలం పేరుకి తగ్గట్టు పడుకున్న పాములా బారుగా ఉంటుంది, ఆ ఫొటో ఇక్కడ రాదు అని నేనూ చెప్పి చూశాను. వినలేదు. మా ఆవిడ "తోడు పోండి, ఒక్కడే ఎట్లా పోతాడు" అనేసింది. అంతటితో చర్చ ముగిసింది.

శ్రీవారి మెట్టు దారి సాయంత్రమే మూసేస్తారు కాబట్టి అలిపిరి నుంచే వెళ్లాలి. అక్కడా రాత్రి పదికల్లా గేటు మూసేస్తున్నారు. 2023లో చిరుతల భయం మొదలయ్యాక జనాన్ని గుంపులుగా వెళ్లమంటున్నారు కూడా. పదవుతుండగా రొప్పుకుంటూ లోపల పడ్డాం. పాదాల మండపంలో జనం పాదుకలు నెత్తిన పెట్టుకుని ప్రదక్షిణ చేస్తుంటే మావాడు కొత్త ట్రెక్కింగ్ బూట్ల లేసు బిగిస్తున్నాడు. నుదుటికి బెల్టుతో కట్టుకునే లైటొకటి తెచ్చాడు. దారి పొడవునా ట్యూబులైట్లు, నెత్తిన కప్పు, పక్కన బజ్జీల బండి. ఆ వెలుగులో వీడు నుదుటి మీద లైటేసుకుని నడుస్తుంటే ఒక పిల్లోడు వాళ్ల నాన్నని "ఆ అన్న బావి తవ్వేదానికి పోతా ఉండాడా?" అని అడిగాడు.

తలయేరు గుండు దగ్గర ఒకామె తల, మోకాళ్లు బండకి ఆనించి మొక్కుతోంది. అట్లా చేస్తే తలనొప్పి, కాళ్లనొప్పులు రావని నమ్మకం. నేనూ మొక్కాను. వీడు "సైన్సు" అంటూ ఏదో గొణిగి ముందుకు పోయాడు. మొత్తం 3,550 మెట్లలో గాలి గోపురం దాకా ఉండే రెండు వేల చిల్లరే అసలు పని పడతాయి. అక్కడికి చేరేసరికి సైన్సు మెట్టు మీద కూర్చుని నిమ్మసోడా తాగుతోంది. ఒక పెద్దామె, అరవై దాటి ఉంటాయి, ఒక్కో మెట్టుకీ పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, వంగి లేస్తూ మమ్మల్ని దాటుకుని పోయింది. వీడు బూట్లు విప్పి చేత్తో పట్టుకున్నాడు. మోకాళ్ల మెట్టు దగ్గర మోకాళ్ల మీద ఎక్కేవాళ్లని చూసి "నాకూ అట్లా అయితేనే వీలయ్యేట్టుంది బావా" అన్నాడు, భక్తితో కాదు.

పైకి చేరేసరికి ఇంకా చిమ్మచీకటి. మార్గశిర మాసం చలి, కొండ మీద అది ఎముకల్లోకి దిగుతుంది. యాత్రికుల హాల్లో లాకరు తీసుకుని ఫోన్లూ బూట్లూ అందులో పెట్టాం. చలికి ఆగలేక వీడు వాళ్లమ్మ బలవంతాన సర్దిన పంచె కట్టి, మీద తువ్వాలు కప్పుకున్నాడు. అప్పటిదాకా ఇద్దరికీ తట్టని ప్రశ్న అప్పుడొచ్చింది. ఎక్కడ నిలబడి చూడాలి? ఎటు చూసినా కాటేజీలు, చెట్లు, వాటి పైన పొగమంచు. టీ అమ్మే అతన్ని "సన్‌రైజ్ ఎక్కడ బాగా కనిపిస్తుందన్నా?" అని అడిగితే అతను మమ్మల్ని ఎగాదిగా చూసి, "ఇక్కడికొచ్చినోళ్లంతా స్వామి ఎప్పుడు కనిపిస్తాడని అడుగుతారు సార్" అన్నాడు.

మైకులో తిరుప్పావై మొదలైంది. ధనుర్మాసంలో సుప్రభాతం బదులు అదే. తూర్పు ఎటో వెతుకుతూ నడుస్తుంటే ఒక లైను కనిపించింది, అందులో జనం చేతుల్లో పొగలు కక్కే గ్లాసులు. "బావా, వేడిపాలు పోస్తా ఉండారు" అని వీడు దూరాడు, వెనకే నేనూ దూరాను. లైను భలే చురుగ్గా కదిలింది. ఎడమకి తిరిగింది, కుడికి తిరిగింది, ఒకచోట ఒళ్లంతా తడిమి చూశారు. పాలకి ఇంత సెక్యూరిటీ ఏమిటా అనుకునేలోపే వెనక ఇనుప తలుపు ధన్ మని పడింది. చూస్తే వైకుంఠం క్యూ కాంప్లెక్సు, కంపార్ట్‌మెంటు. పాలు మాత్రం ఇచ్చారు.

"బయటికి పోవాలి" అన్నాడు వీడు. పక్కన చాప పరుచుకుంటున్న గుంటూరాయన "ఏం బాబూ, ఒంట్లో బాలేదా?" అన్నాడు. "కాదండీ, సూర్యోదయం చూడాలి". కంపార్ట్‌మెంటు కంపార్ట్‌మెంటంతా తిరిగి చూసింది. ఒక ముసలాయన వాళ్లావిడ చెవిలో "పాపం, చిన్న వయసే" అన్నాడు.

తర్వాత ఉప్మా వచ్చింది. ఎప్పటికో గోడ మీది టీవీలో ఏదో కీర్తన వస్తుంటే దాని వెనక కొండలు, కొండల వెనక నుంచి ఎర్రగా, గుండ్రంగా సూర్యుడు లేచాడు. వీడు నా భుజం పట్టుకుని గట్టిగా కుదిపాడు. గుంటూరాయన కూడా సంతోషించి, "ఇదిగో బాబూ, వచ్చేశాడుగా" అని చెప్పాడు.

మధ్యాహ్నానికి దర్శనమైంది. బంగారు వాకిలి దాటి ఒక్క క్షణం, "జరగండి జరగండి" అంటుంటే వీడు కదలకుండా నిలబడి కళ్లార్పకుండా చూశాడు, ఎవరో చెయ్యి పట్టి లాగితే గానీ రాలేదు. బయటికొచ్చాక మాడ వీధిలో ఎండ, రాతి నేల మీద ఉత్త కాళ్లు. అసలు సూర్యుడు అప్పుడు తెలిశాడు. ఉచిత లడ్డూ చేత్తో పట్టుకుని గంతులేస్తూ నీడకి పరిగెత్తాం.

ఇంట్లో మా అత్తమ్మ లడ్డూ కళ్లకద్దుకుని వీధిలో అందరికీ "మావోడు పిలవకనే పోయి దర్శనం చేసుకొచ్చినాడు" అని చెప్పుకుంది. సాయంత్రానికల్లా నలుగురు చుట్టాలు ఫోన్ చేసి ఆ పాల లైను ఎక్కడుందో సరిగ్గా చెప్పమన్నారు. బావమరిది కాళ్లకి నూనె రాయించుకుంటూ, "బావా, ఈసారి హార్స్‌లీ హిల్స్ పోదాం, 1,265 మీటర్లు, పైదాకా కారు పోతుంది, లైన్లుండవు" అన్నాడు. నాకు ఆఫీసులో ఆడిట్ ఉందని చెప్పాను. ఎప్పుడని అడిగాడు. నువ్వు ఎప్పుడొస్తే అప్పుడే అన్నాను.