దేశం, దోసకాయ పప్పు

2025లో ఆగస్టు 15 శుక్రవారం నాడు పడింది. మామూలు శుక్రవారం కూడా కాదు, శ్రావణ శుక్రవారం. అంటే మగవాళ్ళకి సెలవు, ఆడవాళ్ళకి పేరంటాలు. మేము విజయవాడ సత్యనారాయణపురంలో మా అత్తగారింట్లో ఉన్నాం. మా ఆవిడ పట్టుచీర కట్టుకుని, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ నాకొక పని అప్పగించింది.

"కుక్కర్లో దోసకాయ పప్పు పెట్టాను. మూడు విజిల్స్ రాగానే స్టవ్ కట్టెయ్యండి. మూడే. వింటున్నారా?"

తాళి కట్టిన దగ్గర్నుంచీ వింటూనే ఉన్నాను. "ఈ మాత్రం దానికి ఇన్నిసార్లు చెప్పాలా?" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

వెనకాలే బయల్దేరిన మా అత్తయ్యగారు హ్యాండ్‌బ్యాగు తెరిచి ఆధార్ కార్డు ఉందో లేదో చూసుకున్నారు. ఆ రోజు నుంచే రాష్ట్రంలో ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలు. పేరంటం నాలుగిళ్ళ అవతలే. అయినా దగ్గర ఉంటే ఒక ధైర్యం అన్నారు.

సరిగ్గా అక్కడే రాజుకుంది.

"చూశారా అల్లుడుగారూ," అన్నారు మామయ్యగారు పేపరు మడిచి పక్కన పెడుతూ. "అన్నీ ఉచితాలే. దేశం అధోగతి పట్టమంటే పట్టదా మరి?"

మామయ్యగారు ఇరిగేషన్ శాఖలో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. 74 ఏళ్ళు. ఆయన దృష్టిలో దేశం అధోగతి పట్టడం కొత్త సంగతేం కాదు. నా పెళ్ళయి పదహారేళ్ళు. పెళ్ళిచూపులకి వెళ్ళిన రోజున కూడా దేశం అధోగతిలోనే ఉంది. ఈలోగా ఢిల్లీలో ప్రభుత్వం మారింది, ఇక్కడ రాష్ట్రమే రెండైంది, ఆయన గతి మాత్రం అదే గతి.

సోఫాలో ఫోను చూసుకుంటున్న మా బావమరిది తలెత్తాడు. వాడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. వాడి దేశం ఎప్పుడూ దూసుకుపోతూ ఉంటుంది.

"ఏం అధోగతి నాన్నా? ఆర్థిక వ్యవస్థల్లో జపాన్‌ని దాటేసి నాలుగో స్థానానికి వచ్చామంటున్నారు. చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర మొదట దిగింది మనమే."

"దిగాం. రూపాయి కూడా దిగింది. డాలరుకి 87 దాటింది. తలసరి లెక్కేస్తే జపానువాడి ఆదాయం మనకి పదింతల పైనే, అది తెలుసా?"

"తలసరి లెక్కేస్తే ఎలా నాన్నా, మనకి తలలెక్కువ."

అప్పుడే వంటింట్లోంచి మొదటి విజిల్ వచ్చింది. ఒకటి, అనుకున్నాను మనసులో. నేను ఒళ్ళు దగ్గర పెట్టుకునే ఉన్నానని తెలియడానికి ఈ సంగతి ప్రత్యేకంగా రాస్తున్నాను.

అసలు పొద్దున్న ఎర్రకోట ప్రసంగం దగ్గర్నుంచే ఇద్దరూ కుతకుతలాడుతున్నారు. 103 నిమిషాల ప్రసంగం. మామయ్యగారు మొదటి నుంచి చివరిదాకా, కాఫీ చల్లారిపోతున్నా కదలకుండా చూశారు. తిట్టాలంటే పూర్తిగా వినాలంటారాయన. పొగిడే మా బావమరిది పది నిమిషాలు చూసి మళ్ళీ ముసుగుతన్నాడు. నాయకుల మాట శ్రద్ధగా వినేది గిట్టనివాళ్ళేనని నాకు అప్పుడే అర్థమైంది.

"ఒరేయ్, 1966లో నాకు పదిహేనేళ్ళు," అని మొదలుపెట్టారు మామయ్యగారు. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని ఏలూరు రోడ్డు మీద గొంతులు పోయేలా అరిచాం. ఆ ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. అలా తెచ్చుకున్న ఫ్యాక్టరీని 2021లో అమ్మేస్తామన్నారు. ఇది పతనం కాక ఏమిటి?"

"అమ్మలేదుగా! మొన్న జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చారు."

"ఇచ్చారు సరే. ఇంకెప్పుడూ అమ్మమని రాసిచ్చారా?"

ఇద్దరూ నా వైపు చూశారు. నేను ఆ ఇంటి అల్లుణ్ణి. అత్తారింట్లో అల్లుడిది అలీన విధానం. మామగారు చెప్పినప్పుడు తల నిలువుగా ఊపాలి, బావమరిది చెప్పినప్పుడు కాస్త ఏటవాలుగా ఊపాలి. పదహారేళ్ళుగా అలాగే నెట్టుకొస్తున్నాను. ఆ రోజు మాత్రం నోరు జారింది. మా పెదనాన్నగారబ్బాయికి భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్నాయి. అమెరికా ఆగస్టు 7 నుంచి 25 శాతం సుంకం వేసింది, 27 నుంచి ఇంకో 25 వేస్తానంది. అప్పట్నుంచీ వాడు రోజూ రాత్రి ఫోన్ చేసి 100 కౌంటు, అంటే కిలోకి వంద తూగే రొయ్యల రేటెంత పడిందో చెప్పి, నా బాగోగులు అడక్కుండానే పెట్టేస్తున్నాడు. ఆ సంగతి చెప్పాను.

"అదీ!" అన్నారు మామయ్యగారు. "మన మాట చెల్లే రోజులైతే అమెరికావాడు ఇలా చేసేవాడా?"

"అదీ!" అన్నాడు బావమరిది. "మనం ఎదగకపోతే వాడికి మనమీద అంత దృష్టి ఎందుకు?"

ఒకే రొయ్య ఇద్దరికీ కూరకి సరిపోయింది. ఆ సందడిలో ఒక విజిల్ వచ్చినట్టే ఉంది. అది మనదా, పక్క ఫ్లాటుదా అన్నది తేల్చుకునేలోపు మామయ్యగారు నా మోకాలి మీద చెయ్యి వేశారు. ఆయన చెయ్యి వేశారంటే పాత రోజుల్లోకి దిగుతున్నారని గుర్తు. ఇక లేవడానికి ఉండదు.

"శాస్త్రిగారి కాలం చూడండి అల్లుడుగారూ. 1965లో ఆయన సోమవారం రాత్రి భోజనం మానెయ్యమంటే దేశం దేశమంతా మానేసింది. ఇవాళ ఏ నాయకుడైనా చెప్పమనండి, ఒక్కడు మానేస్తాడేమో!"

"ఎందుకు మానెయ్యమన్నారు నాన్నా?"

"తిండి గింజలు లేక."

"ఆహా."

మామయ్యగారు ఒక్క క్షణం ఆగారు. ఆయనకి ఉన్న మంచి గుణం ఏమిటంటే, జ్ఞాపకాల్లో పడ్డాక వాదన సంగతి మర్చిపోతారు. తన కేసుని తనే కొట్టేసుకుంటూ పోతారు. అమెరికా ఓడల్లో వచ్చిన పీఎల్ 480 గోధుమలు తెచ్చి, చపాతీ చెయ్యడం రాని వాళ్ళ నాయనమ్మ చేతికిస్తే, ఆవిడ వాటినీ అన్నంలాగే వండి వార్చిందట. ఇంట్లో అందరూ దేశభక్తితో తిన్నారట. 1984లో ఫోనుకి దరఖాస్తు పెడితే 1991లో వచ్చిందట. వచ్చిన రోజు ఎవరికి చెయ్యాలో తోచక, తెలిసినవాళ్ళలో ఫోనున్నవాళ్ళు లేక, టెలిఫోన్ ఎక్స్ఛేంజికే చేసి "మా ఫోను వచ్చిందండీ" అని చెప్పి పెట్టేశారట.

"ఎమర్జెన్సీలో మాత్రం," అన్నారు మళ్ళీ దారిలోకి వస్తూ, "రైళ్ళు టైముకి నడిచాయి."

"ఆపేవాళ్ళంతా జైల్లో ఉంటే టైముకి నడవక ఏం చేస్తాయి?"

"1991లో దేశం 47 టన్నుల బంగారం తాకట్టు పెట్టిందిరా! ఓడలో కూడా కాదు, విమానంలో లండన్ పంపారు. అదే ఏడు నేను మీ అమ్మ గాజులు కుదువ పెట్టాను. దేశం విడిపించుకుంది."

"మరి అమ్మవి?"

"పీవీగారికి మన్మోహన్ సింగ్ దొరికాడు. నాకు మీ మేనమామ దొరికాడు."

నాకు ఒకటి అనిపిస్తుంది. దేశం ఎవరికైనా సరే వాళ్ళ పాతికేళ్ళ వయసులోనే బాగుంటుంది. మోకాళ్ళు బాగున్నంతకాలం ప్రజాస్వామ్యం కూడా బాగానే నడుస్తుంది. ఈ ముక్క పైకి అనలేదు. బదులుగా, మామయ్యగారు "కలియుగం అల్లుడుగారూ, ఇంతే" అన్నప్పుడు ఊరుకోలేక లెక్క చెప్పాను. కలియుగం 4,32,000 ఏళ్ళు. క్రీస్తు పూర్వం 3102లో మొదలైందంటారు కాబట్టి అయినవి 5 వేల పైచిలుకే. ఈ లెక్కన మనం ఇంకా టిఫిన్ల దగ్గరే ఉన్నాం, భోజనాల దాకా రాలేదు. అధోగతికి కంగారేం లేదు, బోలెడంత వ్యవధి ఉంది.

ఎవరూ నవ్వలేదు. మామయ్యగారు అప్పుడు దాచుకున్న ముక్క కింద పడేశారు.

"సరేరా. దేశం అంతగా దూసుకుపోతుంటే నువ్వు కెనడా ఫైలు ఎందుకు పెట్టావు?"

హాలంతా నిశ్శబ్దం. వంటింట్లో కూడా నిశ్శబ్దమే, కానీ అది మేము గమనించలేదు.

"అది... కెరీర్ కోసం నాన్నా. వేరే విషయం."

"దేశం పైకి పోతోందనే నువ్వేమో దేశం వదిలి పోతున్నావు. అధోగతి అనే నేను కృష్ణ దాటి తాడేపల్లి కూడా పోను. ఇంక నాకు దేశం గురించి నువ్వు చెప్పేదేమిటి? మాడిపోతోందిరా దేశం! నీకు వాసన రావట్లేదు!"

"ఏం వాసన?" అన్నాడు వాడు కోపంగా. ఆగాడు. గాలి పీల్చాడు. ఇంకోసారి పీల్చాడు.

"వస్తోంది నాన్నా."

ఇక్కడ ఏ తెలివైన మనిషైనా లేచి వెళ్ళి స్టవ్ కట్టేస్తాడు. మేము ముగ్గురం చదువుకున్నవాళ్ళం. ముందు లెక్క తేల్చుకోవాలి కదా.

"ఎన్ని విజిల్స్ వచ్చాయి?" అన్నాను.

"రెండు," అన్నారు మామయ్యగారు. "మొదట వచ్చింది విజిల్ కాదు, ఉత్త బుస. దాన్ని లెక్కలో వెయ్యకూడదు."

"ఐదు," అన్నాడు బావమరిది.

"ఐదెక్కడివిరా! శ్రావణ శుక్రవారం, అపార్ట్‌మెంటులో ప్రతి ఇంట్లో కుక్కరే. పక్కవాళ్ళ విజిల్స్ కూడా మన ఖాతాలో రాస్తున్నావు. 2015లో జీడీపీని పోల్చి చూసే బేస్ ఇయర్ మార్చి 2013-14 వృద్ధిని 4.7 శాతం నుంచి 6.9కి లేపారే, అలా ఉంది నీ లెక్క!"

"నువ్వు వచ్చిన విజిల్‌ని కూడా రాలేదంటున్నావు. ఏదీ ఒప్పుకోకపోవడం నీకు అలవాటైపోయింది."

నన్నడిగారు. ఒకటి మాత్రం ఖాయంగా విన్నానని, ఆ తర్వాత దేశం అడ్డొచ్చిందని చెప్పాను. సగటు తీద్దామా అని కూడా అన్నాను. 78 ఏళ్ళ దేశం సంగతి తేల్చడానికి కూర్చున్నవాళ్ళం, పది అడుగుల దూరంలో మోగిన విజిల్స్ ఎన్నో చెప్పలేక ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నాం. పప్పేమో ఈలోగా ఎగదన్ని విజిల్ కన్నానికి అడ్డం పడి కూర్చుంది. అందుకే ఆ నిశ్శబ్దం.

ఢామ్మంది.

సేఫ్టీ వాల్వ్ ఎగిరిపోయింది. నేను గుమ్మం దాకా వెళ్ళేసరికి పప్పు సన్నటి ధారగా, భలే ఏకాగ్రతతో, సీలింగుకి తగులుతోంది. మామయ్యగారు వెనకనుంచి "గ్యాస్! గ్యాస్!" అని అరుస్తూ ముందుకి మాత్రం రాలేదు. బావమరిది తలకి తువ్వాలు చుట్టుకుని వంగుని వెళ్ళి స్టవ్ కట్టేశాడు. ఆ ఒక్క విషయంలో యువతరాన్ని మెచ్చుకోవాల్సిందే. ధార ఆగాక పైకి చూస్తే, గొడుగంత పచ్చటి వలయం, దాని మధ్యలో నాలుగైదు దోస గింజలు. ఒక దోసకాయ ముక్క ఎగ్జాస్ట్ ఫ్యాన్ రెక్కకి వేలాడుతూ కాసేపు ఆలోచించి, నా భుజం మీద పడింది. కుక్కర్ మూత తీస్తే అడుగున నల్లటి పొర, దానిమీద పచ్చటి పొర.

"అడుగున మాడింది గాని పైన బానే ఉంది నాన్నా," అన్నాడు బావమరిది.

"నీ దేశం లాగే," అన్నారు మామయ్యగారు.

పేరంటం వాళ్ళు శనగల పొట్లాలతో తిరిగొచ్చారు. మా ఆవిడ సీలింగు చూసింది, నా భుజం చూసింది, ఏమీ అనలేదు. అనకపోవడం ఎంత ప్రమాదమో పెళ్ళైనవాళ్ళకి చెప్పక్కర్లేదు. మామయ్యగారు గొంతు సవరించుకుని, ఈ కాలం కుక్కర్లు ఇంతేనని, తమ రోజుల్లో కుంపటి మీద ఇత్తడి గిన్నె ఏనాడూ పేలలేదని అన్నారు. బావమరిది, నీళ్ళు తక్కువ పొయ్యడం వల్లే ఇలా జరిగిందని, అది మేము బాధ్యత తీసుకోకముందు జరిగిన పొరపాటని అన్నాడు. వాడికి రాజకీయాల్లో మంచి భవిష్యత్తుంది, కెనడా వెళ్ళకపోతే.

"నేను మూడు అన్నాను," అంది మా ఆవిడ నాతో. అంతే.

మధ్యాహ్నం ఆవకాయ అన్నం, తాలింపు పెట్టిన పేరంటం శనగలు. సాయంత్రం కాఫీ అయ్యాక అత్తయ్యగారు మళ్ళీ ఆధార్ కార్డు చూసుకుని బయల్దేరారు. మా ఆవిడా వెంట బయల్దేరింది.

"ఎక్కడికి?" అన్నారు మామయ్యగారు.

"ఎక్కడికీ లేదు. బస్టాండు దాకా ఊరికే వెళ్ళి ఊరికే వచ్చేస్తాం," అన్నారావిడ.

"ఇలాగే దేశం..." అని మొదలుపెట్టారు మామయ్యగారు. అత్తయ్యగారు సీలింగు వైపు చూశారు. ఆయన మిగతాది మింగేశారు.

వాళ్ళు వెళ్ళాక మేము పనిలో పడ్డాం. నేను స్టూలెక్కి పాత బనీనుతో తుడుస్తుంటే, మామయ్యగారు స్టూలు పట్టుకున్నారు, బావమరిది సబ్బు నీళ్ళ బకెట్టు పట్టుకున్నాడు. పప్పు మరక ఎంత తుడిస్తే అంత పాకుతోంది. పెంకుటిళ్ళ రోజుల్లో ఈ బాధే ఉండేది కాదని మామయ్యగారు అంటున్నారు. వాన పడితే ఇల్లంతా కారేది కదా నాన్నా అని వాడంటున్నాడు.

పక్క ఫ్లాటులో కుక్కర్ కూత పెట్టింది. ముగ్గురం ఎక్కడివాళ్ళం అక్కడ ఆగిపోయాం.

"ఒకటి," అన్నారు మామయ్యగారు.

"రెండు నాన్నా," అన్నాడు వాడు.