శాలువా కప్పుకున్న అభివృద్ధి

మొన్న ఓ పెద్ద హోటల్లో ‘ఒక జిల్లా - ఒక ఉత్పత్తి’ మీద సదస్సుంటే వెళ్లాను. వేదిక మీది బల్లకు పోచంపల్లి డిజైన్ గుడ్డ. పెద్దలందరికీ పోచంపల్లి డిజైన్ శాలువాలు. పొరపాటున నాకూ ఒకటి కప్పారు. ఇంటికొచ్చి తిరగేస్తే వెనకంతా వెలవెలబోతోంది. అచ్చు గుద్దిన పాలిస్టర్!

పోచంపల్లి బట్టకు తిరగా బోర్లా ఉండదు. నేయకముందే నూలుకు చిటికి కట్టి, అంటే రంగు అంటకూడని చోటల్లా బిగించి కట్టి, రంగులో ముంచుతారు కాబట్టి బొమ్మ రెండువైపులా పడుతుంది. ఇది తెలియడానికి పీహెచ్‌డీ అక్కర్లేదు, కొంగు తిరగేస్తే చాలు. సదస్సులో పీహెచ్‌డీలు చాలామందే ఉన్నారు.

ప్రధాన వక్త క్లస్టర్ గురించి చెప్పారు. ఒకే పని తెలిసినవాళ్లు ఒకేచోట ఉంటే ఊరు బాగుపడుతుందట. నిజమే, కాదనను. కానీ ఆయన ‘క్లస్టర్’ అన్నప్పుడల్లా శాలువా జర్రున జారేది. అటెండర్ పరిగెత్తుకొచ్చి మళ్లీ కప్పేవాడు. ‘వాల్యూ చైన్’ దగ్గర మైకు మీద పడింది. ‘బ్రాండింగ్’ దగ్గర మంచినీళ్ల గ్లాసును లాక్కుని కిందికే పోయింది. చివరికి అటెండర్ ఆయన వెనకే నిలబడి రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆ సభలో చేతిపని చేసింది అతనొక్కడే.

ఆ క్లస్టర్ అనేదాంట్లో ఎవరుంటారో తెలుసా? ఆసు పోసే ఆడవాళ్లు. ఆసు అంటే, చిటికి కట్టేముందు నూలును మేకుల చుట్టూ పోగు పోగుగా చుట్టడం. ఒక్క చీరకు తొమ్మిది వేల సార్లు చేయి అటూ ఇటూ ఆడించాలి. తల్లి భుజం నొప్పి చూడలేక, నేత కుటుంబంలో పుట్టిన చింతకింది మల్లేశం ఏళ్లకేళ్లు తంటాలు పడి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. అది ఏ స్లైడులోంచీ ఊడిపడలేదు. ఇక పెద్దల సంగతా? కొన్ని రకాల బట్టలు చేనేత మగ్గాల మీదే నేయాలని 1985లోనే చట్టం చేశారు. అఖిల భారత చేనేత బోర్డును మాత్రం 2020 జులై 27న, సరిగ్గా చేనేత దినోత్సవానికి పదకొండు రోజుల ముందు, ఎత్తేశారు. కుటుంబమంతా కూర్చుని రోజుల తరబడి నేసిన డిజైన్‌ను మిషన్ నిమిషాల్లో గుద్ది పారేస్తుంటే, ఆ దొంగసరుకే కొని, నేతగాడి పేరు చెప్పి, ఒకరికొకరు కప్పుకుంటారా? సిగ్గుండాలి!

పోనీ, శాలువా దేనికైనా పనికొస్తుందని స్కూటర్ తుడిచి చూశాను. నీళ్లు కూడా పీల్చలేదు.