కేజీ గ్యాస్ మనకే ఉండుంటే సిలిండర్ 200కే వచ్చేదా?

సిలిండర్ ధర పెరిగిన ప్రతిసారీ మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఎవరో ఒకరు ఆ ఫార్వర్డ్ మళ్ళీ వదులుతారు. అందులో ఉండేది ఇదీ: కాకినాడ దగ్గర సముద్రంలో, అంటే కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్‌లో, వందేళ్ళకు సరిపడా గ్యాస్ ఉంది, పైపు వేసి మొత్తం గుజరాత్‌కి తోలుకుపోయారు, అది మనకే ఉండుంటే హైదరాబాద్‌లో సిలిండర్ 200కే వచ్చేది, డబ్బంతా కంపెనీకే పోయింది, దేశానికి పైసా రాలేదు. కింద బోలెడు దండాలు, చప్పట్లు.

ముందు సిలిండర్ సంగతి చూద్దాం. సిలిండర్‌లో ఉండేది ఎల్పీజీ, అంటే ప్రొపేన్, బ్యూటేన్. రిలయన్స్ తవ్విన కేజీ-డీ6 అనే బ్లాకు బావుల్లోంచి వచ్చేది దాదాపు అంతా మీథేన్, అందులోంచి ఎల్పీజీ తీద్దామన్నా పెద్దగా ఏమీ రాదు. ఆ గ్యాస్ మొత్తం తెచ్చి శామీర్‌పేటలో దింపినా మీ సిలిండర్ ధర కదలదు, ఎందుకంటే మనం వాడే ఎల్పీజీలో సగానికి పైగా దిగుమతే. మీథేన్ వంటింట్లోకి రావాలంటే భాగ్యనగర్ గ్యాస్ వాళ్ళ పైపులోనే రావాలి, ఆటోల్లో నింపే సీఎన్జీ కూడా మీథేనే. మా వీధికి పైపు ఎందుకు రాలేదని అడగండి, ఆ ప్రశ్నకు నేనూ తోడొస్తా.

గుజరాత్ మాటకొస్తే, కాకినాడ దగ్గరి గాడిమొగ నుంచి గుజరాత్‌లోని భరూచ్ దాకా దాదాపు 1,400 కిలోమీటర్ల పైప్‌లైన్ ఉన్న మాట నిజం. అది తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్రల మీదుగా పోతుంది. పైపు చివర ఎక్కడుందో చూసి గ్యాసంతా అక్కడికే పోయిందనుకుంటే ఎలా? ఎవరికి ఎంత ఇవ్వాలో కేంద్రం నిర్ణయించింది, ఎరువుల ఫ్యాక్టరీలది మొదటి వరుస. 2009లో ఉత్పత్తి మొదలయ్యాక వేమగిరి, జేగురుపాడు, కొండపల్లి కరెంటు ప్లాంట్లకూ ఆ గ్యాస్ అందింది. తర్వాత ఉత్పత్తి పడిపోయి 2013 నాటికి కరెంటు ప్లాంట్లకు సరఫరా ఆగిపోయింది, అప్పులు తెచ్చి కట్టినవి ఊరికే పడి ఉండిపోయాయి. ఇక సముద్రం అడుగున ఉన్నది ఏ రాష్ట్రానిదీ కాదు, రాజ్యాంగం 297వ అధికరణ ప్రకారం కేంద్రానిది. కోనసీమలో నేల మీది బావికి రాయల్టీ రాష్ట్రానికి వస్తుంది, తీరం దాటితే కేంద్రానికి. ఇది అన్యాయమనుకుంటే పోట్లాడాల్సింది ఈ నిబంధన మీద, పైపు మీద కాదు.

వందేళ్ళ గ్యాస్ అన్నది మాత్రం గాలి లెక్క. 2002లో నిక్షేపం దొరికినప్పుడు దేశమంతా సంబరపడింది, అందులో తప్పులేదు. డీ6 బ్లాకులోని డీ1, డీ3 క్షేత్రాల్లో 10 ట్రిలియన్ ఘనపుటడుగులు తీయొచ్చని మొదట లెక్కేశారు, తర్వాత దాన్ని 3 దగ్గరికి దించారు. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు తీస్తామన్నది ప్లాను, 2010లో 6 కోట్లు దాటింది, ఆపైన జారుడే జారుడు. బావుల్లోకి నీళ్ళు, ఇసుక వచ్చాయి. భూగర్భమే అనుకున్నట్టు లేదని కంపెనీ, చెప్పినన్ని బావులు తవ్వలేదని ప్రభుత్వం, ఏళ్ళ తరబడి వాదించుకున్నాయి. 2020 ఫిబ్రవరిలో ఆ రెండు క్షేత్రాలూ మూతపడ్డాయి. ఇప్పుడు డీ6లో వస్తున్నది వాటి గ్యాస్ కాదు, 2020 డిసెంబరు నుంచి 2023 మధ్య మొదలైన మూడు కొత్త క్షేత్రాలది. వాటిలో ఆర్-క్లస్టర్ దగ్గర నీటి లోతే రెండు కిలోమీటర్లు, గ్యాస్ దానికింకా కింద ఉంది. అంత లోతున తవ్వే ఖర్చు రాబట్టుకోవాలి కాబట్టే ఇలాంటి గ్యాస్‌కి ప్రభుత్వం వేరే గరిష్ఠ ధర పెట్టింది, మన నీళ్ళలోది కాబట్టి చవగ్గా వస్తుందని లేదు.

దేశానికి పైసా రాలేదన్నదీ నిజం కాదు. మన గ్యాస్ వాడకంలో దాదాపు సగం దిగుమతే. కొత్త క్షేత్రాలు అందుకున్నాక దేశీయ ఉత్పత్తిలో సుమారు 30 శాతం డీ6దే అయింది, అది లేకపోతే ఆ మేరకు డాలర్లు పోసి ఓడల్లో తెప్పించుకోవాలి. రాయల్టీ ఉంది, అయితే లోతైన సముద్రం కాబట్టి మొదటి ఏడేళ్ళు 5 శాతమే. లాభంలో వాటా కూడా ఉంది, ఇక్కడే చిక్కు. పెట్టుబడంతా కౌలుదారు ముందే తీసేసుకుని మిగిలిన గింజలు పంచుకున్నట్టు ఉంటుంది ఆ ఒప్పందం. ఖర్చు ఎంత పెరిగితే సర్కారు వాటా అంత వెనక్కి పోతుంది, డీ1, డీ3 ఖర్చు అంచనా చూస్తే 240 కోట్ల డాలర్ల నుంచి 880 కోట్లకు వెళ్ళింది. మధ్యలో ఉత్పత్తి లక్ష్యం రెట్టింపైన మాట నిజమే, అయినా ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2011లోనే ఈ పద్ధతిని తప్పుపట్టింది. ఫార్వర్డ్‌లో దీని గురించి ఒక్క ముక్క లేదు.

పక్క బ్లాకులోని ప్రభుత్వ సంస్థ ఓఎన్‌జీసీ గ్యాస్ డీ6 బావుల్లోకి చేరిందన్న కేసు ఊసూ లేదు. అందులో కంపెనీకి అనుకూలంగా వచ్చిన ఆర్బిట్రేషన్ (మధ్యవర్తుల) తీర్పును 2025 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం కొట్టేసింది, తర్వాత ప్రభుత్వం 281 కోట్ల డాలర్లు కట్టమని నోటీసిచ్చింది. ఫార్వర్డ్ చేయాలనే ఉంటే ఇది చేయండి.