షెడ్యూల్-1 గడిలో కూర్చున్న 'లేవు' గారికి

విశాఖపట్నం

మహారాజశ్రీ 'లేవు' గారి దివ్య సముఖమునకు,

మన్యంలో బాక్సైట్ మాట లేచినప్పుడల్లా తమరూ లేస్తారు. చింతపల్లి వైపు 1,212 హెక్టార్ల అడవిలో తవ్వకాలకి 2015లో వచ్చిన జీవో 97, 2019లో రద్దయింది. తమరికి మాత్రం రద్దు లేదు. గని అనుమతి కోసం రాసే పర్యావరణ ప్రభావ నివేదిక ఏది తెరిచినా, 'షెడ్యూల్-1 వన్యప్రాణులు' (వన్యప్రాణి చట్టం అందరికన్నా గట్టిగా కాపాడే జాతులు) అన్న గడిలో కాలు మీద కాలేసుకుని కనబడతారు. ఉన్నవి రెండక్షరాలే, మోసేది నివేదిక మొత్తాన్ని. తమరి చోట 'ఉన్నాయి' అని పడితే గనివాళ్లు అటవీ శాఖను సంప్రదించి సంరక్షణ ప్రణాళిక రాయాలి, దానికి డబ్బూ చూపించాలి. ఎవరికండీ అంత ఓపిక?

తమరి జాతకం మాకు తెలుసు. సర్వేకి ఒక్క సీజన్ చాలు, అదీ వానాకాలం కాకుండా. డిసెంబరు నుంచి ఫిబ్రవరి అయితే అరకు చలీ ఆస్వాదించొచ్చు. గిరినాగు (కింగ్ కోబ్రా) గూడు కట్టేది ఎండాకాలంలో. రాలిన ఆకుల్ని ఒంటితో పోగుచేసి కుప్ప వేస్తుంది, పిల్లలు వానలతో బయటికొస్తాయి. కప్పలు తొలకరికి గానీ గొంతు విప్పవు. ఒంటినిండా పొలుసులుండే అలుగు పగలంతా బొరియలోనే. పక్షులు తెల్లవారిన రెండు గంటల్లో జోరుగా పలుకుతాయి. ఆ వేళకి సర్వే వాళ్లు లేవరు, కాబట్టి పక్షులు లేవు.

ఎదుట ఏది కదిలినా తామే ఫొటో తీసే కెమెరాలు పెట్టామంటారు. ఎన్ని, ఎన్ని రాత్రులు? ఇరవై కెమెరాలు ముప్పై రాత్రులుంటే 600 కెమెరా-రాత్రులు. రెండు కెమెరాలు నాలుగు రాత్రులుంటే ఎనిమిది. మోకాలెత్తున కట్టాలి, ముందున్న గడ్డి కొయ్యాలి. కొయ్యకపోతే గాలికి ఊగిన గడ్డి ఫొటోలతోనే కార్డు నిండిపోతుంది. తూర్పుకి తిప్పితే ఉదయం సూర్యుడే పడతాడు. ఆయన షెడ్యూల్-1లో లేడు.

అన్నట్టు, మహారాష్ట్రలోని రత్నగిరి దగ్గర ఒక బాక్సైట్ గని నివేదికలో రష్యా గని నివేదిక పేరాలు చలిదేశపు స్ప్రూస్ అడవులతో సహా దిగాయి. లేనివి అలా ఉన్నాయి, ఉన్నవి ఇలా లేవు. ఒక కుటుంబమే కదా!

కొండ నెత్తి బల్లపరుపుగా, గడ్డితో ఉంటుంది గనక దాన్ని 'బంజరు' అంటారు. ఆ నెత్తినున్న బాక్సైట్ రాయే వాన పీల్చుకుని నెలల తరబడి ఊటలుగా వదులుతుంది, అవే గెడ్డలు (కొండవాగులు) అవుతాయి. గోస్తనీ, శారదా పుట్టింది అనంతగిరి కొండల్లోనే. తాటిపూడి, రైవాడ జలాశయాల మీదుగా మా నగరం కుళాయిల్లోకి వచ్చేది ఆ నీళ్లే. చెట్టుకి పది మొక్కలు నాటుతామన్న హామీ మరో వేళాకోళం. కొమ్మ నుంచి కొమ్మకి దూకి బతికే బెట్టుడుత, సిల్వర్ ఓక్ మొక్కలు ఎదిగేదాకా ఎక్కడ దూకాలి?

ప్రజాభిప్రాయ సేకరణకి 30 రోజుల ముందే నోటీసు వస్తుంది, నివేదిక ముసాయిదా కలెక్టరేట్‌లో చూడొచ్చు. ఈసారి తమరి గురించి నాలుగు ప్రశ్నలు కాగితం మీద రాసిచ్చి రసీదు తీసుకుంటాం: ఏ తేదీల్లో వెళ్లారు, ఏ గంటకి, ఎన్ని కిలోమీటర్లు నడిచారు, ఏ అక్షాంశ రేఖాంశాల దగ్గర? జవాబు లేకపోతే తమరు ఆ గడి ఖాళీ చేసి, మీ తమ్ముడు 'కనబడలేదు'ని కూర్చోబెట్టాలి. అతనికి కనీసం సిగ్గుంది, చూసిన లెక్క పక్కన పెట్టుకుని వస్తాడు.

ఇట్లు,
తమరిని బాగా ఎరిగినవాళ్లు

తా.క.: మే నెలలో మళ్లీ రండి. వెదురు పొదల కింద ఆకుల కుప్ప కనబడితే మాత్రం కాలు పెట్టకండి, తల్లి అక్కడే కాపలా ఉంటుంది.