బల్ల దగ్గరికి రాలేనివాళ్ల దగ్గరికి బల్లే వెళ్లాలి

మొన్న నెల మొదటి ఆదివారం, ప్రభువు బల్ల (గుడిలో రొట్టె, ద్రాక్షారసం పంచుకునే సంస్కారం) రోజున, మా అమ్మ మళ్లీ ప్లేటు పక్కకు జరిపేసింది. ఆరాధన లైవ్‌లో పాస్టరుగారు "రొట్టె, ద్రాక్షారసం సిద్ధం చేసుకున్నారు కదా, ఇప్పుడు తీసుకోండి" అన్నారు. నేనే బ్రెడ్డు ముక్క కోసి, చిన్న గ్లాసులో రసం పోసి మంచం దగ్గర పెట్టాను. "సంస్కారం ఎవరైనా ఇస్తే తీసుకునేది నాన్నా, మనంతట మనం తీసుకునేది కాదు" అంది. తుంటి విరిగి ఆమె మంచం పట్టి మూడేళ్లు. గుడి మా ఇంటికి నాలుగు వీధుల దూరం. ఈ మూడేళ్లలో ఆ బల్ల నాలుగు వీధులు దాటి రాలేదు. అడిగితే "లైవ్ పెడుతున్నాం కదా బ్రదర్" అన్నారు.

లాక్‌డౌన్‌లో ఇలా లైవ్ చూస్తూ ఇంట్లోనే బల్ల తీసుకోవడాన్ని నేను తప్పు పట్టడం లేదు. 2020 మార్చి 25 నుంచి అన్నీ మూతబడ్డాయి. ఏప్రిల్ 5 మొదటి ఆదివారం, అదే మట్టలాదివారం. 9న ప్రభువు ఆఖరి భోజనం చేసిన రాత్రి. రెండు వేల ఏళ్లుగా కూడి తింటున్న భోజనం ఆ ఏడు కూడకుండా ఎలా తినాలో ఎవరికీ తెలియలేదు. కథోలికులు నోటితో తీసుకునే వీలు లేనప్పుడు మనసులోనే క్రీస్తును కోరుకుని స్వీకరించమన్నారు. అది వాళ్లకు పాత అలవాటే. ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకంలోనూ రోగుల కోసం అలాంటి మాటే ఉంది: నిజమైన పశ్చాత్తాపం, విశ్వాసం ఉంటే నోటితో తినలేకపోయినా తిన్నట్టే అని. అమెరికాలో ఒక పెద్ద ప్రెస్బిటేరియన్ సంఘం, అత్యవసరం కాబట్టి ఇళ్లలోనే రొట్టె పెట్టుకుని తీసుకోవచ్చంది. కొందరు లూథరన్లు, మళ్లీ కలిసేదాకా బల్ల లేకుండా ఉపవాసం ఉందామన్నారు. ఎవరి దారి వారిది. కానీ అందరిలో ఒక బాధ ఉంది, ఏదో పోగొట్టుకున్నామన్న బాధ. ఇప్పుడు మన సంఘాల్లో ఆ బాధే లేదు. ఆపదలో పట్టుకున్న కర్రను ఆపద తీరాక కూడా వదలకుండా, అదే కాలు అనుకుంటున్నాం.

మాది ఒంగోలు పక్క పల్లె. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మం తీసుకున్న నేల ఇది. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. ఊరి బావిలో నీళ్లు తోడుకునే హక్కు లేనివాళ్లు. టీ కొట్లో రెండు గ్లాసుల పద్ధతి మా నాన్న కూడా చూశాడు. ఊళ్లో ఎవరూ చేతికి చెయ్యి తగలనివ్వని మనిషికి, ఆదివారం గుడిలో ఇంకో మనిషి చేత్తో రొట్టె ఇచ్చి "ఇది నీ కొరకు" అన్నాడు. ఆ ఒక్క పని మా తాతల తల ఎత్తించింది. మా అమ్మ "ఎవరైనా ఇవ్వాలి" అన్నప్పుడు ఆమె వేదాంతం మాట్లాడలేదు. ఆ చేతి గురించి మాట్లాడింది. (ఇప్పుడు గుడిలో కూడా సీలు వేసిన ప్లాస్టిక్ కప్పులు వచ్చాయి, పైన రొట్టె, కింద రసం. ఒకప్పుడు పాస్టరమ్మగారు శనివారం రాత్రి ఎండుద్రాక్ష ఉడకబెడుతుంటే ఆ వాసనకే మాకు రేపు బల్ల అని తెలిసేది.)

కొరింథు సంఘం మీద అపొస్తలుడు పౌలు కోప్పడింది కూడా ఇందుకే కదా. ఉన్నవాళ్లు ముందే తినేసి కూర్చుంటే లేనివాళ్లు ఆకలితో నిలబడ్డారు. ఒకరి కోసం ఒకరు ఆగండి అన్నాడు. ఆగడం అంటే రాలేనివాళ్లను కూడా లెక్కలో పెట్టుకోవడం.

మరి కువైట్‌లో ఉన్న మా పిన్ని కూతురు? ఇంటిపని. అక్కడి గుళ్లలో ఆరాధన శుక్రవారం, ఆ రోజు ఆమెను బయటికి పంపరు. రాత్రి పనంతా అయ్యాక వంటింట్లో గొంతు తగ్గించి, ఫోను ముందు ఖుబ్బూస్ (అక్కడి రొట్టె) ముక్క పెట్టుకుని కన్నీళ్లతో తీసుకుంటుంది. ఆమెకు "అది చెల్లదు" అని చెప్పే నోరు నాకు లేదు. ఆమె దగ్గరికి ఎవరూ వెళ్లలేరు. మా అమ్మ దగ్గరికి ఎవరూ వెళ్లడం లేదు. రెంటికీ ఒకటే లైవ్ లింకు పంపితే ఎలా?

వియత్నాంలో కథోలిక బిషప్ వాన్ తువాన్‌ను 1975లో అరెస్టు చేశారు. 13 ఏళ్లు నిర్బంధం, అందులో 9 ఏళ్లు ఒంటరిగా. కడుపునొప్పి మందు అని చెప్పి బయటివాళ్లు చిన్న సీసాలో ద్రాక్షారసం పంపేవారు. అరచేతిలో మూడు చుక్కల రసం, ఒక చుక్క నీరు వేసుకుని ఆయన బలిపూజ (కథోలికుల బల్ల ఆరాధన) చేసేవాడు. క్యాంపులో ఉన్నప్పుడు సిగరెట్ పెట్టెల కాగితంతో చిన్న సంచులు చేసి, రొట్టె తునకలు అందులో దాచి తోటి ఖైదీలకు అందించేవారు. జైల్లో దారి దొరికింది. మనకు నాలుగు వీధులు దొరకడం లేదు.

ఇదేమీ కొత్తగా కనిపెట్టాల్సింది కాదు. దాదాపు 155వ సంవత్సరంలో జస్టిన్ అనే విశ్వాసి రోమా చక్రవర్తికి రాస్తూ, ఆదివారం క్రైస్తవులు ఏం చేస్తారో వివరించాడు. చదువుతారు, ప్రార్థిస్తారు, రొట్టె పంచుకుంటారు, ఆపైన రాలేకపోయినవారికి పరిచారకులు వాళ్ల భాగం తీసుకెళ్తారు. హింసల కాలంలో, ఫోన్లూ బళ్లూ లేని కాలంలో, ఆరాధనలో అదీ ఒక భాగమే.

పాస్టరుగారూ, పెద్దలూ, లైవ్ ఆపమని నేను అడగడం లేదు. ఆరాధన అయ్యాక ఇద్దరు పెద్దల్ని పంపండి. మా వీధిలో అమ్మతో కలిపి మంచం మీద ఉన్నవాళ్లు ఐదుగురు, చెరువు పక్కన ఇంకో ఇద్దరు. పేర్లు, ఇళ్లు కాగితం మీద రాసి ఉంచాను. బండి నాది, పెట్రోలు నాది. వచ్చే మొదటి ఆదివారం పదకొండున్నరకు గుడి గేటు దగ్గర ఉంటాను.