అకిన్‌ఫెన్వా ఫొటో చూసి నవ్విన మిత్రులకు

మొన్న మా కాలేజీ వాట్సాప్ గ్రూపులో ఒకరు అడెబాయో అకిన్‌ఫెన్వా ఫొటో పెట్టి, "ఇతను ఫుట్‌బాల్ ప్లేయరా, బౌన్సరా?" అని రాశారు. ఇక వరసగా నవ్వే ఎమోజీలు. హాస్టల్లో రాత్రిళ్లు ఫిఫా గేమ్ ఆడిన మా బ్యాచ్‌కి అతను తెలిసిందల్లా అంతే. గేమ్‌లో బలానికి అందరికంటే ఎక్కువ పాయింట్లున్న లావుపాటి స్ట్రైకర్, సరదాకి టీమ్‌లో పెట్టుకునే మనిషి. నాకు మాత్రం ఆ నవ్వు చూసి బాధేసింది. అక్కడ రెండు ముక్కలు రాస్తే సరిపోదనిపించి ఇక్కడ రాస్తున్నాను.

అతను 1982లో లండన్‌లో పుట్టాడు, తల్లిదండ్రులది నైజీరియా. 100 కిలోల పైచిలుకు ఒళ్లు. ఇంత లావుంటే ఫుట్‌బాల్ ఎలా ఆడతావని చిన్నప్పటి నుంచీ అతను వింటూనే ఉన్నాడు. ఇంగ్లండ్‌లో దారి దొరక్క 2001లో లిథువేనియా వెళ్లి అట్లాంటాస్ అనే క్లబ్‌లో చేరాడు. అక్కడ స్టేడియంలో జనం రంగును పట్టుకుని బూతుపాటలు పాడేవారు. పంతొమ్మిదేళ్ల కుర్రాడు, ఊరుకాని ఊరు, తెలియని భాష. ఇంటికి వచ్చేస్తానని అన్నకు ఫోన్ చేశాడు. నీ ఇష్టం, కానీ నువ్వు వచ్చేస్తే వాళ్లే గెలిచినట్టు అన్నాడు అన్న. అతను వెనక్కి రాలేదు. ఆ ఏడాది లిథువేనియా కప్ ఫైనల్లో గెలుపు గోల్ కొట్టింది అతనే. నవ్వే ముందు ఈ ఒక్క సంగతి తెలిసినా చాలు అనిపిస్తుంది నాకు.

తిరిగొచ్చాక కష్టాలు ఇంకో రకం. వేల్స్‌లో బ్యారీ టౌన్, ఆ తర్వాత ఇంగ్లండ్‌లో 2003-04 సీజన్‌లోనే బోస్టన్, లేటన్ ఓరియంట్, రష్‌డెన్, డాంకాస్టర్. ఒక్క సీజన్‌లో అన్ని క్లబ్బులు! ఎక్కడా నాలుగు రోజులు నిలవనివ్వలేదు. ప్రీమియర్ లీగ్ జీతాల వార్తలే చదివే మనకు కింది లీగుల బతుకు తెలియదు. ప్రీమియర్ లీగ్ కింద వరసగా ఛాంపియన్‌షిప్, లీగ్ వన్, లీగ్ టూ అని మూడు డివిజన్లు, 72 క్లబ్బులు, ఒక్కో జట్టుకి సీజన్‌కి 46 లీగ్ మ్యాచ్‌లు. చాలామందికి కాంట్రాక్టు ఏడాది, మహా అయితే రెండేళ్లు. ఎండాకాలం వచ్చిందంటే వచ్చే సీజన్ ఎక్కడో, అసలు ఉందో లేదో అన్న టెన్షన్.

స్వాన్సీలో కాస్త కుదురుకున్నాడు. వాళ్ల కొత్త స్టేడియంలో లీగ్ మ్యాచ్‌లో మొదటి గోల్ అతనిదే. 2006లో ప్లేఆఫ్ ఫైనల్ (పై డివిజన్‌కి ఎక్కే చివరి చోటు కోసం ఆడే మ్యాచ్) షూటౌట్‌లో అతని పెనాల్టీ పోయింది, జట్టు ఓడింది. మరుసటి ఏడాది కాలు విరిగింది. దాంతో మళ్లీ మొదటికొచ్చాడు. ఆ తర్వాత మిల్‌వాల్, నార్తాంప్టన్, జిలింగమ్, మళ్లీ నార్తాంప్టన్, మళ్లీ జిలింగమ్.

అతను వేగంగా పరుగెత్తేవాడు కాదు. వయసు పెరిగాక చాలా మ్యాచ్‌లకు సబ్‌గానే, అంటే ఆట మధ్యలో ఇంకొకరి బదులు వచ్చేవాడు. కాదనను. కానీ వెనక నుంచి ఎత్తుగా వచ్చిన బంతిని, వీపు మీద డిఫెండర్ తోస్తున్నా ఛాతీతో దించి, మనవాళ్లు పైకొచ్చేదాకా కాపాడి సరిగ్గా అందించడం ఉత్త కండబలంతో అయ్యే పని కాదు. మొదటి టచ్ బాగుండాలి, వెనక ఎవడు ఎటు వస్తున్నాడో చూడకుండానే తెలియాలి.

2014లో ఏఎఫ్‌సీ వింబుల్డన్‌కి వచ్చాడు. తమ క్లబ్బును మిల్టన్ కీన్స్‌కి తరలిస్తే అభిమానులే 2002లో కొత్తగా కట్టుకున్న జట్టది. 2015 జనవరిలో, ఇంగ్లండ్‌లో చిన్నా పెద్దా క్లబ్బులన్నీ ఆడే ఎఫ్‌ఏ కప్‌లో లివర్‌పూల్ మీద గోల్ కొట్టాడు. చిన్నప్పటి నుంచి అతను లివర్‌పూల్ అభిమాని! మ్యాచ్ 2-1తో పోయింది, ఆ రెండు గోల్స్ అతని ఆరాధ్య ఆటగాడు స్టీవెన్ జెరార్డ్‌వే.

2016 మే 30, లండన్‌లోని వెంబ్లీ స్టేడియం. లీగ్ టూ ప్లేఆఫ్ ఫైనల్లో ప్లిమత్ మీద 1-0 ఆధిక్యం, చివరి నిమిషాల్లో పెనాల్టీ. క్లబ్‌తో అతని కాంట్రాక్టు అయిపోతోందని అందరికీ తెలుసు. బంతి ఎవరికీ ఇవ్వకుండా తనే తీసుకుని కొట్టాడు. పదేళ్ల కిందట షూటౌట్‌లో తప్పిన మనిషి! ఆ వెంటనే టీవీ వాళ్లతో, నాకు ఉద్యోగం లేదు, మేనేజర్లెవరైనా వాట్సాప్‌లో మెసేజ్ పెట్టండి అన్నాడు. జనం ఆ క్లిప్ చూసి నవ్వుకుంటారు. 34 ఏళ్ల వయసులో, వెంబ్లీలో గెలిచిన పూటే, పని కావాలని నోరు తెరిచి అడిగిన మనిషి కనిపిస్తాడు నాకు.

వికమ్ వాండరర్స్ అనే క్లబ్ తీసుకుంది. గ్రూపులో పెట్టిన ఫొటోలో అతని ఒంటి మీద ఉన్నది ఆ జెర్సీయే. 2018లో ఆ జట్టు లీగ్ వన్‌కి ఎక్కింది. 2020లో, కోవిడ్ వల్ల జనం లేని ఖాళీ వెంబ్లీలో ఆక్స్‌ఫర్డ్‌ని ఓడించి, తన చరిత్రలోనే మొదటిసారి ఛాంపియన్‌షిప్‌కి చేరింది. ఈసారి వాట్సాప్‌లో అప్పటి లివర్‌పూల్ మేనేజర్ యుర్గెన్ క్లాప్ ఒక్కడే మెసేజ్ పెట్టాలన్నాడు అకిన్‌ఫెన్వా. క్లాప్ నిజంగానే అభినందిస్తూ వీడియో పంపాడు.

2022 మే 21న సండర్లాండ్‌తో ప్లేఆఫ్ ఫైనల్ అతని ఆఖరి మ్యాచ్. 2-0తో ఓడిపోయారు. సబ్‌గా వెంబ్లీ పచ్చికలోకి దిగేసరికి అతనికి 40 ఏళ్లు నిండి పదకొండు రోజులు. 700కు పైగా మ్యాచ్‌లు, 200కు పైగా గోల్స్. ఫొటో పెట్టిన మిత్రమా, నువ్వు అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇదే.